కోత దారి

అక్టోబరు 12, ఆదివారం

మళ్ళీ అదే దెబ్బ. ఇంగ్లిష్‌లో మంచి మార్కులు, జీకేలో ఫరవాలేదు, ఈ పోలికల ప్రశ్నల దగ్గరకొచ్చేసరికి బొక్కబోర్లా పడ్డాను. లా ఎంట్రన్స్‌కి ఇంక రెండు నెలలు కూడా లేదు.

ఈవేళ్టి ప్రశ్న రాసి పెట్టుకుంటాను, చూసినప్పుడల్లా సిగ్గు రావాలి. ‘ఆసుపత్రిలోకి రాత్రిపూట చుట్టాల్ని రానివ్వరు. హాస్టల్ కూడా ఆసుపత్రి లాంటిదే. వరసగా మంచాలు, గేటు, వాచ్‌మన్, వేళకి భోజనం. కాబట్టి హాస్టల్లోకి కూడా రాత్రిపూట ఎవర్నీ రానివ్వకూడదు.’ ఈ వాదనని దెబ్బతీసేది ఏది? నేను టిక్కు పెట్టింది ‘ఆసుపత్రిలో మంచాలు ఎక్కువ ఉంటాయి’ అన్నదానికి. నా మొహం!

కృష్ణకాంత్ సారు కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. ఆయన చోడవరం కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరరు. ఆదివారాలు వాళ్ళ డాబా మీద మా నలుగురికీ ఊరికే పాఠం చెబుతారు కాబట్టి తిట్టే హక్కుంది. తిట్టలేదు. “మంచాలు లెక్కపెట్టేవా సంధ్యారాణీ?” అన్నారంతే. పక్కన ఫణిశ్రీ కిసుక్కుమంది. అది లాయరు గారమ్మాయి, దానికివన్నీ పుట్టుకతో వచ్చేశాయి.

జవాబేమిటంటే, ఆసుపత్రిలో రోగికి నిద్ర కూడా మందే, అందుకని ఆ నియమం. హాస్టల్లో రోగులు లేరు. “పోలికలు వందుంటాయమ్మా. ఆ నియమం ఏ కారణం మీద నిలబడింది? ఆ కారణం రెండోచోట ఉందా, లేదా? మిగతావన్నీ వదిలెయ్” అన్నారు సారు. చెప్పినప్పుడు బాగానే అర్థమవుతుంది. ప్రశ్న చూడగానే మళ్ళీ మంచాలే కనిపిస్తాయి.

అక్టోబరు 15

ఫోన్‌లో ఇరవై ప్రశ్నలు చేశాను. చెప్పుకోవడానికి ఏమీ లేదు. రేపు మళ్ళీ చేస్తాను.

అక్టోబరు 19, ఆదివారం

ఇంట్లో పెద్ద గొడవ. అచ్చియ్యమ్మ పెద్దమ్మ పొద్దున్నే వచ్చింది. వచ్చి గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

“మరిదీ, పెద్ద పండగెల్తే నా సెరుకు కోతకొచ్చేస్తాది. ట్రాట్టరు ఎటెల్లాలో సెప్పు” అంది.

నాన్న పళ్ళు తోముకుంటూ, “నన్నడుగుతావేటి వొదినా, నీ సెరుకు నీ ఇష్టం” అన్నాడు.

పెద్దమ్మ పొలం, మా పొలం ఒకప్పుడు ఒకటే. మా తాత, వాళ్ళ మావగారు అన్నదమ్ములు. పంచుకున్నప్పుడు రోడ్డు వైపు ముక్క మాకు, గెడ్డవాగు వైపు లోపలి ముక్క వాళ్ళకి వచ్చింది. వాళ్ళకి వేరే దారి లేదు. ఒకవైపు గెడ్డ, రెండు వైపులా వేరేవాళ్ళ వరి. అయినా ఇన్నేళ్ళూ గొడవ రాలేదు. ముందు మా చెరకు కోత అయిపోయేది. ఆ మోళ్ళ మీదుగా వాళ్ళ బండి వెళ్ళేది. అందరూ కోత దారి అంటారు గానీ చూద్దామంటే నేల మీద ఏ దారీ ఉండదు. చెరకున్నంత కాలం అదీ పొలమే.

ఈ ఏడాది నాన్న చెరకు మానేసి సరుగుడు వేశాడు. చెరకు కూలీలు దొరకడం లేదు, సరుగుడైతే నాలుగేళ్ళు దాని జోలికి వెళ్ళక్కర్లేదని. ఆగస్టులో వాన పడ్డాక నేనూ నాటాను, బురదలో అమ్మా నేనూ పాటలు పాడుకుంటూ. ఇప్పుడు మొక్కలు నా నడుం దాకా వచ్చాయి. నాలుగేళ్ళ దాకా కోత లేదు. కోత లేకపోతే దారీ లేదు. నాటేటప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టలేదంటే తట్టలేదు. దారి కనిపిస్తే కదా తట్టడానికి!

పెద్దమ్మ వెళ్ళిపోయాక నాన్న గంటసేపు అరిచాడు, అది కూడా మా మీదే. అమ్మ, “ఆవిడున్నప్పుడు అరవాల్సింది మామీదెందుకు?” అంది. దాంతో ఇంకో అరగంట అరిచాడు.

పెద్దమ్మ సంగతి మనకెందుకు. నాకు చదువుకోవాల్సింది చాలా ఉంది.

అక్టోబరు 26, ఆదివారం

గొడవ పెద్దల దగ్గరికి వెళ్ళింది. నవంబరు ఆఖరి ఆదివారం పాల కేంద్రం అరుగు మీద కూర్చుంటారట. సత్తిబాబు తాత మాటే ఆఖరు. మా ఊళ్ళో తీర్పంటే పాత గొడవ ఒకటి తీసి, ‘అప్పుడేం చేశాం? ఇప్పుడూ అదే’ అనడం. కాబట్టి ఎవరు మంచి పాత గొడవ తెస్తే వాళ్ళది గెలుపు.

నాన్న దగ్గర మంచి గొడవే ఉంది. రాము మావయ్య ఇంటి స్థలం. ఊరందరూ ఆ ఖాళీ స్థలంలోంచి అడ్డదారిన నడిచేవాళ్ళు. ఆయన ఇల్లు కట్టుకుంటానంటే గోల చేశారు. ‘ఆడి జాగా, ఖాళీగా ఉన్నన్నాళ్ళూ నడిసేరు, ఇప్పుడు ఆడికి కావాలి’ అని పెద్దలు తీర్పు చెప్పారు. మాదీ అంతే కదా. మా పొలం, ఖాళీ అయినప్పుడు వెళ్ళారు, ఇప్పుడు మాకు కావాలి. ఎంత చక్కగా సరిపోయింది!

రాత్రి అన్నాల దగ్గర నాన్న అన్నాడు, “నాకు కోపమొస్తే నోరు జారుతాది. కిందటేడు కాలవ గొడవలో అలాగే సెడ్డాను. ఈపాలి నువ్వు మాట్లాడు.”

“నేనా?”

“లాయరు సదువుకి ఎక్కడో అయిదేళ్ళు ఆస్టల్లో ఉంటానంటన్నావు. నీ నోట్లో వాదనుందో లేదో నాను సూడాలా వద్దా? నెగ్గు, పంపిస్తాను. నెగ్గలేదనుకో, ఇక్కడే డిగ్రీ. ఇంక మాట్లాడకు.”

అమ్మ, “ఆడపిల్లని అరుగు మీద మాట్లాడిస్తావేటి?” అంది. నాన్న, “రేపు కోర్టులో మాట్లాడతానన్న గుంటకి పాలకేంద్రం ఏటి లెక్క?” అన్నాడు.

నాకు లోపల ఎగిరి గంతేసినంత పని అయింది. ఇన్నాళ్ళూ చూద్దాంలే, చూద్దాంలే అన్న మనిషి మొదటిసారి పంపిస్తానన్నాడు. నెగ్గుతాను. నెగ్గి తీరతాను.

నవంబరు 2, ఆదివారం

సారుకి గొడవంతా చెప్పాను. వాదన విని, “బాగుంది” అన్నారు. తర్వాత, “అవతలి పక్షం వాదన కూడా నువ్వే రాసుకో. రాయకుండా వెళ్ళకు” అన్నారు. రాస్తాను.

నవంబరు 5

రాయలేదు. టైమ్ దొరకలేదు. మాక్ టెస్ట్ ఉంది.

నవంబరు 9, ఆదివారం

బస్సు దిగి రాము మావయ్య ఇంటి వైపుగా వచ్చాను. ఊరికే, ఆ స్థలం ఎలా ఉందో చూద్దామని. ఇంటి పక్కన సందు ఉంది. ఎప్పట్నుంచో ఉంది, చిన్నప్పుడు ఆ సందులోనే సైకిల్ నేర్చుకున్నాను. రాము మావయ్య ఇల్లు కట్టాక అందరూ ఆ సందులోంచే తిరిగి వెళ్తున్నారు. నాలుగు అడుగులు ఎక్కువ, అంతే.

పెద్దమ్మకి అలాంటి సందు లేదు. కానీ అదేం పెద్ద తేడా కాదు. సొంత జాగా అన్నది ముఖ్యం.

నవంబరు 10

పెద్ద తేడా కాదు.

నవంబరు 16, ఆదివారం

మాక్‌లో పోలికల ప్రశ్నలు ఒక్కటి తప్ప అన్నీ రైట్. సారు మెచ్చుకున్నారు. ఫణిశ్రీ మొహం చూడాలి! “ఏం తింటున్నావే?” అంది. పప్పూ చారూ అన్నాను.

సంతోషంగా ఇంటికొచ్చి అమ్మతో బీరకాయలు తరుగుతూ కూర్చున్నాను. ఇంకేవైనా పాత గొడవలు ఉంటే చెప్పమన్నాను, మన పక్షానికి బలం వస్తుందని. అమ్మకి ఊళ్ళో గొడవలన్నీ నోటికి వచ్చు. చెప్పి చెప్పి కనకమహాలక్ష్మి మేడ దగ్గరికొచ్చింది.

“కనకమాలచ్చికీ, తోడికోడలికీ ఇల్లు పంచేరు. దీనికి మేడ, దానికి కింద. మెట్లు దాని వాటాలో పడ్డాయి. రెండేళ్ళు బాగానే ఉన్నారు. ఇద్దరికీ సెడింది. తోడికోడలు మెట్ల కింద వంటిల్లు పెట్టి, మెట్లకి తలుపు బిగించీసింది. నా వాటా, నా ఇష్టం అంది.”

“పెద్దలేమన్నారు?”

“తెరిపించేరు. మరి మెట్లు మూసీసి మేడ నీదేనంటే ఎలాగే? అదేటి పిట్టా, ఎగిరెల్లడానికి? మెట్లివ్వకపోతే మేడ ఇచ్చినట్టేనేటి?”

బీరకాయ చేతిలోనే ఉండిపోయింది. అమ్మ మాత్రం ఏం తెలియకుండా, “అలా సూత్తావేటి, బేగి తరుగు, కూర అవ్వద్దా?” అంది.

నవంబరు 17

మేడకీ పొలానికీ సంబంధం ఏమిటి? అది ఇల్లు, ఇది పొలం. అది తోడికోడళ్ళ తగువు, ఇది వేరు. అది పట్టించుకోవాల్సిన పోలికే కాదు.

నవంబరు 18

మంచాలు లెక్కపెడుతున్నాను.

అవును, అదే చేస్తున్నాను. నిన్న రాసింది మళ్ళీ చదివితే నాకే తెలిసిపోయింది. ఇల్లు, పొలం, తోడికోడళ్ళు, ఇవన్నీ మంచాలే. కారణం చూడాలి. రాము మావయ్య గెలిచింది సొంత జాగా అయినందుకు కాదు. సొంత జాగా, పైగా జనానికి వేరే సందు ఉంది. సందు లేకపోతే ఆ తీర్పు వచ్చేదే కాదు. పెద్దమ్మ గొడవ మేడ గొడవ. ఒకటిగా ఉన్నదాన్ని పంచి, ఒకరి వాటాకి వెళ్ళే దారి ఇంకొకరి వాటాలో పడింది. రాము మావయ్య గొడవకి పది పోలికలున్నా పనికిరాదు. మేడ గొడవకి ఒక్క పోలికే ఉంది, అదొక్కటే చాలు.

ఛ. పాఠం ఇప్పుడే అర్థమవ్వాలా?

ఇది నాకొక్కదానికే తెలుసు. మేడ గొడవ పెద్దమ్మకి తట్టదు, అమ్మ నోరు విప్పదు. నేను రాము మావయ్య గొడవ చెప్పి కూర్చుంటే చాలు. అబద్ధం ఒక్కటి కూడా చెప్పక్కర్లేదు. నాన్న తరపున మాట్లాడటం నా పని. పెద్దమ్మ తరపున ఎవరైనా మాట్లాడుకుంటారు.

నెగ్గుతాను. నేను లా చదవాలి.

నవంబరు 22

వడ్డాది సంత నుంచి వస్తుంటే బస్సులో పెద్దమ్మ పక్కన సీటే దొరికింది. దిగిపోదామనుకున్నాను. ఆవిడే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చెరకు పూతకొచ్చేసిందట. పూత వచ్చాక రసం తగ్గిపోతుందట.

“నువ్వు మాట్లాడతావటకదే,” అంది. “మీ నాన్న సెప్పేడు. నెగ్గితే సదువుకి పంపుతానన్నాడట. నా తరపునెవులున్నారే, మా అల్లుడు మాడుగులనుంచి రానన్నాడు. పోన్లే, నువ్వు బాగా మాట్లాడు. సదువుకో. నాకు దారి లేకపోతే లేదు.”

ఎకసెక్కంగా అంటోందేమోనని మొహం చూశాను. కాదు. నిజంగానే అంది. ఏడుపొచ్చేసింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నవంబరు 29, శనివారం

రేపు పాల కేంద్రం. వచ్చే ఆదివారం పరీక్ష. రాము మావయ్య వాదన అద్దం ముందు నిలబడి మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాను. తడబడలేదు. మేడ గొడవ ఎవరూ ఎత్తకపోతే నేను ఎత్తను. అలా నిర్ణయించుకున్నాను. ఇంక దీని గురించి రాయను.

నవంబరు 30, ఆదివారం

రాసేస్తేగాని నిద్ర పట్టదు.

అరుగు నిండా జనం. పాల క్యాన్లు పక్కకి జరిపి పెద్దలు కూర్చున్నారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. సత్తిబాబు తాత నన్ను చూసి, నాన్నతో, “పెదబాబూ, ఈపాలి తిట్లుండవన్నమాట. మంచిదే. సెప్పమ్మా గుంటా” అన్నాడు. అందరూ నవ్వారు.

చెప్పాను. బాగా చెప్పాను, ఆ మాట ఒప్పుకోవాలి. రాము మావయ్య స్థలం, జనం నడక, అప్పటి తీర్పు, మా పొలం, మా కోత, మా మొక్కలు, ఒక్కొక్కటీ పక్కపక్కన పెట్టి చూపించాను. తాత తల ఊపుతూనే ఉన్నాడు. నాన్న మీసం కింద నవ్వు దాచుకుంటున్నాడు. నేను ఫస్ట్ క్లాసులో పాసయినప్పుడు కూడా ఆయన మొహం అలా వెలగలేదు.

తాత పెద్దమ్మని అడిగాడు. ఆవిడ లేచి, “నాకు మాటలు రావు బాబూ. దారి కావాలి” అని కూర్చుంది. అంతే. ఇంకెవరూ ఏమీ అనలేదు. అయిపోయింది, నెగ్గేశాను అనుకున్నాను.

అప్పుడు తాత నా వైపు తిరిగి, “అయితే ఏటమ్మా, రాము గొడవకీ దీనికీ తేడా ఏటీ లేదంటావు. అంతే కదా?” అన్నాడు.

ఎవరూ ఎత్తకపోతే ఎత్తనని అనుకున్నాను. అడిగితే ఏం చెయ్యాలో అనుకోలేదు. లేదు తాతా అంటే సరిపోయేది. రెండు మాటలు. నోరు తెరిచాను కూడా.

“ఉంది తాతా” అన్నాను.

నా గొంతు నాకే వింతగా వినిపించింది. నాన్న నా వైపు చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది, నేను చూడలేదు. రాము మావయ్య ఇంటి పక్కన సందు ఉందని చెప్పాను. పెద్దమ్మకి లేదని చెప్పాను. ఇది రాము మావయ్య గొడవలాంటిది కాదు, కనకమహాలక్ష్మి పిన్ని మేడ గొడవలాంటిది అని చెప్పాను. మెట్లు ఇవ్వకపోతే మేడ ఇచ్చినట్టు కాదు కదా అన్నాను.

తాత గెడ్డం గోక్కున్నాడు. “మెట్లు,” అన్నాడు. “ఔను కదరా. ఆ తగువూ మనమే సెప్పేం.” ట్రాక్టరు పట్టేలా ఓ పక్కన మూడు వరసల మొక్కలు తీసెయ్యాలి, దారి పెద్దమ్మకి వదలాలి. అదీ తీర్పు.

నాన్న లేచి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చేసరికి అన్నం తిని పడుకున్నాడు, లేదా పడుకున్నట్టు నటించాడు. అమ్మ నన్ను చూసి, “నా నోరే పాడు నోరు” అంది.

ఓడిపోయాను. తప్పు చేశాననిపించడం లేదు. కానీ నాన్న మొహం వెలగడమూ, ఆరిపోవడమూ రెండూ నా వల్లే.

డిసెంబరు 2

నాన్న మాట్లాడలేదు.

డిసెంబరు 3

మాట్లాడలేదు. అమ్మ ద్వారా చెప్పిస్తున్నాడు, “దాన్ని ఫేను ఆపమను” అని, నేను ఎదురుగా ఉండగానే.

డిసెంబరు 4

హాల్ టికెట్ ప్రింట్ తెచ్చుకున్నాను. సెంటర్ విశాఖపట్నం. అమ్మకి చెప్పేశాను, నాన్న పంపినా పంపకపోయినా పరీక్ష రాస్తానని. సీటు వస్తే అప్పుడు ఇంకో యుద్ధం. ముందు సీటు రావాలి. అమ్మ, “మీ నాన్న పోలికే నువ్వూను” అని విసుక్కుంది. ఇందులో తేడా ఏమీ కనిపించలేదు నాకు.

డిసెంబరు 6, శనివారం

పొద్దున్నే నాన్న గునపం తీసుకుని పొలానికి వెళ్తూ, ఈసారి అమ్మతో కాదు, నాతోనే, “నాటేవు కదా, పీకడానికి కూడా రా” అన్నాడు.

వెళ్ళాను. ఆయన గునపంతో కదిలిస్తుంటే నేను మొక్కలు లాగి గట్టు మీద పడేశాను. వేళ్ళు బాగా పట్టేశాయి. మొదటి వరస అయిపోయింది. రెండో వరస మధ్యలో ఆయనే ఆగాడు.

“ఒకటడుగుతాను సెప్పు. నాను నిన్ను నా తరపున మాట్లాడమన్నాను. నువ్వు సరే అన్నావు. ఔనా?”

“అవును.”

“లాయరు దగ్గరికెల్లేననుకో. నా తరపున నిలబడి, సగంలో అవతలోళ్ళదే న్యాయం అంటే, ఆ లాయర్ని ఏటనాలి? నువ్వదే సేసేవు. తేడా ఉందా?”

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆయన అరవలేదు. నిజంగానే అడిగాడు.

“తప్పు తీర్పని అంటున్నావా?” అన్నాను చివరికి.

“తీర్పు మాటెత్తలేదే నాను. తీర్పు సరయినదే, అది నాకూ తెల్సు. నీ మాటే అడుగుతున్నాను. అవతలోళ్ళది న్యాయం అనుకుంటే ముందు రాత్రే నాతో సెప్పాల. నాకు సెప్పకుండా అరుగెక్కి సెప్పేవు.”

ఇంతవరకూ నాకు తట్టని సంగతి అది. పన్నెండు రోజులు నాకు తెలుసు. పెద్దమ్మ గురించి ఆలోచించాను, పరీక్ష గురించి ఆలోచించాను, నాన్నకి చెప్పాలన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. కళ్ళు తుడుచుకుంటే మొహమంతా మట్టయింది.

నాన్న మళ్ళీ గునపం దింపాడు. “నువ్వు లాయరుకి పనికిరావు,” అన్నాడు. “జడ్జీకి పనికొస్తావు. జడ్జీ అవడానికి ఏటి సదవాల?”

“అదీ లా చదువే. చదివాక ముందు లాయరుగా చెయ్యాలి నాన్నా. తరవాత ఇంకో పరీక్ష.”

“ముందు లాయరవ్వాలేటి?” చాలా అసంతృప్తిగా అన్నాడు. “ఓరి నాయనో. అయితే అదేదో సరిగ్గా నేర్సుకునే రా.” మూడో వరస మొదలుపెట్టాక, ఇటు తిరక్కుండానే, “రేపు బస్సెన్నింటికి?” అని అడిగాడు.

సాయంత్రం నుంచి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. రేపటి ప్రశ్నలు ఎలా ఉన్నా భయం లేదు. నాన్న అడిగినదానికి మాత్రం జవాబు వెతుకుతూనే ఉన్నాను. కూతురు లాయరు కాదు, పాల కేంద్రం కోర్టు కాదు, ఇలా ఎన్నో తేడాలు దొరికాయి. అన్నీ మంచాలే. ఆయన వాదనలో తప్పు నాకింకా దొరకలేదు.